నూలుపోగు తగిలితే

ముత్యాలు బండారులంకకు కాపురానికి వచ్చిన మూడో రోజునే అత్తగారు బంగారమ్మ ఒక సంగతి కనిపెట్టింది. కొత్తకోడలు రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతూ చుడుతూ చటుక్కున ఆపేస్తోంది. లేచి వెళ్ళి, పెరటి గుమ్మానికి ఎడమచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా దానిమీద వేసి, కళ్ళు మూసుకుని నిలబడుతోంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు వచ్చి మళ్ళీ చక్రం తిప్పుతోంది. పొద్దుగూకేలోగా నాలుగైదుసార్లు ఇదే తంతు.

గాలో ధూళో సోకిందేమోనని బంగారమ్మ మొదట అనుమానపడింది. మర్నాడు కోడలు నూతిలో నీళ్ళు తోడుతుంటే పొడుగుచేతుల రవిక పైకి జారింది. మోచేతి మడతలో అరచేయంత మేర చర్మం మందంగా, నల్లగా, ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంది. బంగారమ్మ చేతిలో ఉన్న బిందె కింద పెట్టేసింది.

అది 1973. ముత్యాలుకు పందొమ్మిదేళ్ళు. పుట్టిల్లు రాజోలు అవతల ఒక చిన్న పల్లె, వాళ్ళదీ నేతకుటుంబమే. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ జబ్బు ఆమెతోపాటే పెరిగింది. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడచుట్టూ. ఊళ్ళో గజ్జి అన్నారు. తల్లి వేపాకు నూరి పట్టించింది, కానుగనూనె రాసింది, వంకాయ, గోంగూర, ఎండుచేప మాన్పించింది. తగ్గినట్టే తగ్గి, చలిగాలి తిరగగానే మళ్ళీ వచ్చేది. పెళ్ళిచూపులనాడు అడిగినవాళ్ళు లేరు, చెప్పినవాళ్ళూ లేరు.

బంగారమ్మ చెడ్డమనిషి కాదు. భయం ఆమెది. ఇంట్లో ఉన్నది నూలు, చీరలు. నలుగురూ ఒంటికి కట్టుకునే గుడ్డ. ఈ ఇంట్లో గజ్జి ఉందని బజారున పడితే ఆ చీర ముట్టుకునేదెవరు? కోడలికి కంచం, గ్లాసు, చాప వేరు చేసింది. కొడుకును కూడా విడిగా పడుకోమంది. ఆ ఒక్కమాట మాత్రం రాఘవులు వినలేదు. అతను మాటకారి కాడు. మగ్గం గుంతలో కూర్చుంటే పొద్దున్నించి సాయంత్రందాకా అటూ ఇటూ ఆడే నాడె చప్పుడే తప్ప మనిషి చప్పుడు వినబడదు. పెళ్ళయిన కొత్తలో భార్య చేతిని చూసి ఒక్క ప్రశ్న అడిగాడు.

"నొప్పెడుతుందా?"

"నొప్పయితే బాగుండునండి," అంది ముత్యాలు.

నిజమే, నొప్పికి ఒక మర్యాద ఉంది. ఎక్కడ దెబ్బ తగిలిందో అక్కడ ఉంటుంది, పదిమందిలో చెప్పుకోవచ్చు, అయ్యో అనేవాళ్ళుంటారు. దురదకు అది లేదు. రాట్నానికి వేసిన నూలు చిలపలోంచి ఊడిన పోగు ఒకటి గాలికి ఎగిరి ముంజేతిమీద వాలితే చాలు. చీమ పాకినట్టు మొదలయ్యేది. క్షణంలో వంద చీమలు. గోకితే హాయిగా ఉండేది, ఆ హాయి వెంటనే మంట, మంట వెంటనే మరింత దురద. తెల్లారి చూసుకుంటే గోళ్ళలో నెత్తురు. గంజి పెట్టిన చీర అంచు మెడకు రాసుకున్నా అంతే, చెమటబొట్టు జారినా అంతే. నేత ఇంట్లో పుట్టి నేత ఇంటికే వచ్చిన మనిషికి నూలుపోగు పడకపోవడమేమిటని ఆమెకే విచిత్రంగా ఉండేది. కాని గుమ్మానికి చెయ్యి గట్టిగా అదిమితే కాస్త ఊరట వస్తుందని చిన్నప్పుడే ఎలాగో తెలిసిపోయింది. ఎందుకొస్తుందో తెలియదు. ఆ ఎందుకన్నది మనసులో ఒక మూల ఉండిపోయింది.

1976లో కూతురు పుట్టింది. కనకదుర్గ అని పేరు పెట్టుకున్నారు. అప్పటిదాకా పడింది ఒకెత్తు, ఆ తరవాత పడింది ఒకెత్తు. పసిపిల్ల పాలు తాగుతూ వేళ్ళతో తల్లి మెడమీద రాస్తుంది. మెత్తని జుట్టు మోచేతి మడతలో కదులుతుంది. ముత్యాలు పళ్ళు బిగపట్టేది. ఇక ఓపలేక పిల్లను రొమ్మునుంచి తప్పించి అత్తగారి ఒళ్ళో పడేసి పెరట్లోకి పరుగెత్తేది. వెనక పిల్ల ఏడుపు. ఇరుగమ్మ, పొరుగమ్మ చూశారు. బిడ్డమీద మమకారం లేని తల్లిని ఎక్కడా చూడలేదని ఒకరు ముక్కుమీద వేలేసుకుంటే, పోనీలెండి, పిల్లకు అంటకుండా చూసుకుంటోందని ఇంకొకరు సర్దారు. రెండు మాటలూ ముత్యాలు చెవిన పడ్డాయి. రెండూ తప్పే. ఎందుకు తప్పో విడమరిచి చెప్పడానికి ఆమె దగ్గర మాటలు లేవు.

పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళు వచ్చేసరికి కనకదుర్గ తల్లి దగ్గరికి పరుగున వచ్చి, జానెడు దూరంలో ఆగిపోవడం నేర్చుకుంది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేది. చెప్పాల్సింది అక్కడినుంచే చెప్పేది. ఒకసారి పక్కింటి పిల్ల ముత్యాలు కొంగు పట్టుకోబోతే, "మా అమ్మని ముట్టుకోకూడదు," అని వారించింది. తన ఇంట్లో గోడమీద దేవుడి పటం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. ముత్యాలు ఆ పూట అన్నం తినలేదు.

ఆ మధ్యలో మందులకు తిరగకపోలేదు. అమలాపురంలో ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు చూపించారు. అందరూ పూతమందు రాసిచ్చారు, అందరూ గోకవద్దన్నారు. రాసుకున్నన్నాళ్ళు నెమ్మదించేది, మానగానే తిరగబెట్టేది. గోకొద్దన్న మాట మాత్రం ఆమెకు వేపాకుకన్నా చేదుగా ఉండేది.

1982 వేసవిలో ఒక మధ్యాహ్నం, పక్కగదిలో బంగారమ్మ కునుకు తీస్తుంటే, ముత్యాలు రాట్నం దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. చిలపనుంచి సాగుతున్న పోగు ఒకటి వదులై ముంజేతిమీద పడింది. మామూలుగా దురద లేచింది. చిరాకుతో ఆ పోగును లాగింది. పోగు బిగుసుకుని చర్మంలోకి నొక్కుకుంది. దురద ఆగింది.

ఆమె చెయ్యి కూడా ఆగింది. మళ్ళీ వదిలింది. పోగు వదులై చర్మంమీద ఆడింది, దురద. లాగింది, లేదు. అదే పోగు, అదే చోటు. పదిసార్లు చేసి చూసింది. అప్పుడు ఇంకో వింత కంటపడింది. పోగు తగులుతున్నది మచ్చమీద కాదు. మచ్చకు రెండు వేళ్ళ అవతల, పగులూ నలుపూ ఏమీ లేని శుభ్రమైన చర్మంమీద. చూడ్డానికి అందరి చర్మంలాంటిదే. మరి అక్కడెందుకు లేస్తోంది?

ఆ రోజు సాయంత్రం భర్త మగ్గం దిగగానే తలుపు దగ్గరికి వేసి, ఒక కోడి ఈక అతని చేతిలో పెట్టింది. తను కళ్ళు మూసుకుంటుందట. అతను ఈకతో తనకు తోచినచోట తాకాలట. రాఘవులు భార్య ముఖంలోకి ఒకసారి చూశాడు.  ఎదురుగా కూర్చుని మణికట్టు దగ్గర మొదలుపెట్టాడు.

"ఇప్పుడు?"

"ఏమీ లేదండి."

కొంచెం పైకి జరిపాడు.

"ఇక్కడ?"

"తగిలింది. దురద లేదు."

ఇంకో అంగుళం.

"ఆయ్. మొదలైంది, ఆపండి."

బొగ్గుముక్కతో అక్కడ చుక్క పెట్టాడు. చుట్టూ తిరిగి అలాగే చుక్కలు పెట్టుకుంటూ వచ్చాడు. అన్నీ కలిపితే మచ్చ చుట్టూ ఇంకో పెద్ద మచ్చ తేలింది, కంటికి కనబడనిది. ఆ గీత లోపల బొటనవేలితో నొక్కితే ఏమీ లేదు. ఇత్తడి గ్లాసు అడుగు పెట్టి అదిమినా లేదు. ఈక తాకితే మాత్రం ఆమె కూర్చున్నచోట నిలవలేకపోయింది. రాఘవులు చాలాసేపు ఆ గీతలవంక చూశాడు. తరవాత లేచి చీర బుటాలు గీసుకునే గళ్ళకాగితం తెచ్చి, భార్య చేతిని పక్కన పెట్టుకుని, గడికి గడి లెక్కచూసి దానిమీద దించాడు. కొత్త అంచు డిజైను దొరికినప్పుడు అతని ముఖం ఎలా ఉంటుందో అప్పుడూ అలాగే ఉంది.

తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ చేతిని అంత సేపు, అంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. ముత్యాలుకు దురద ఉన్నా లేకపోయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వారానికి ఒకసారి అలా కాగితం గీయడం వాళ్ళకు అలవాటైంది. గీత ఒక్కచోట ఉండదని తేలింది. నిద్రలేని మర్నాడు అది రెండు గళ్ళు బయటికి జరిగేది. ఉక్కపోసిన రోజున మూడు. తడి ఒంటిమీదే కొబ్బరినూనె పట్టించి నాలుగు రోజులు క్రమం తప్పకపోతే లోపలికి ముడుచుకునేది. వంకాయ తిన్న వారం, తినని వారం పక్కపక్కన పెట్టి చూసింది, తేడా లేదు. చిన్నప్పటినుంచీ భయపడుతూ వచ్చిన వంకాయ కూర ఆ పూట కడుపునిండా తింది.

పదిహేను కాగితాలయ్యాక అవి పట్టుకుని భార్యాభర్తలు బస్సెక్కి అమలాపురం వెళ్ళారు. ఈసారి పట్టాభిరామయ్యగారి దగ్గరికి. ఆయన పెద్దవయసు డాక్టరు, సొంత ఇంటి వసారాలోనే రోగుల్ని చూసేవారు. చెయ్యి చూసి ఇది ఎగ్జిమా అన్నారు, చీటీ అందుకుని మందు రాయబోయారు. ముత్యాలు మందు ముందు తనకొక సంగతి తెలియాలని, మొహమాటపడుతూనే కాగితాలు బల్లమీద పరిచింది. ఆయన చీర డిజైన్లు అనుకున్నారు. కాదని రాఘవులు చెప్పుకొచ్చేసరికి కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కొక్కటీ వెలుగులోకి పట్టి చూశారు. బయట బెంచీమీద ఇంకా అరడజను మంది ఉన్నారు. ఆయన లేచి వెళ్ళి దూదిపింజ తెచ్చారు. ముత్యాలుని కళ్ళు మూసుకోమని, తను స్వయంగా, ఒకటికి రెండుసార్లు పరీక్ష చేశారు. మోసం చేస్తోందేమోనని మధ్యలో ఊరికే చెయ్యి ఆడించి తాకకుండా అడిగారు. ఆమె తగల్లేదనే చెప్పింది. చివరికి దూది పక్కన పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు.

"గోకితే పుండవుతుందని మాకు నేర్పేరమ్మా, మేం మీకు చెబుతున్నాం. శుభ్రంగా ఉన్న చర్మాన్ని దూది తాకితే దురదెందుకు రావాలి, అదిమితే ఎందుకు పోవాలి అని నన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

"ఎందుకంటారండి?" అంది ముత్యాలు.

"నాకు తెలీదు," అన్నారాయన. సిగ్గుపడకుండా చెప్పారు. తాకిడిని మోసుకెళ్ళే నరాలూ దురదను మోసుకెళ్ళే నరాలూ ఎక్కడో ముడిపడిపోయాయేమోనని తన ఊహ చెప్పారు. పడుగులో ఒక పోగు అచ్చులో తప్పు సందులోకి దూరితే గుడ్డంతా గీత పడినట్టా అని రాఘవులు అడిగాడు. అలాంటిదే అయి ఉండొచ్చు గాని రుజువు లేదన్నారు డాక్టరుగారు. ఒక కాగితం తనకు ఇచ్చిపొమ్మని అడిగి తీసుకున్నారు. పూతమందు ముదిరినప్పుడే రాయాలని, నూనె మాత్రం రోజూ మానకూడదని, గంజి గుడ్డ కట్టవద్దని, మరీ ఓపలేనప్పుడు గోకే బదులు తడిగుడ్డ బిగించి చుట్టుకోవాలని చెప్పారు. లేచేముందు ముత్యాలు ఇంకొకటి కోరింది. ఇది అంటువ్యాధి కాదని తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక చీటీ రాసి ఇమ్మంది. ఎవరికని ఆయన అడిగితే మా అత్తగారికండి అంది.

బంగారమ్మకు చదువు రాదు. ఇంట్లో అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నది ఒకటో తరగతి కనకదుర్గ ఒక్కతే. వసారాలో నానమ్మ ముందు నిలబడి, వేలు పెట్టి చదివింది. "ఈ... జబ్బు... అంటు... కోదు." ఊపిరి పీల్చుకుని రెండో వరస. "కలిసి తిన... వచ్చు. కలిసి పడు... కోవచ్చు. పిల్లను ఎత్తు... కోవచ్చు."

బంగారమ్మ మళ్ళీ చదవమంది. రెండోసారి విని, కొంగుతో ముఖం తుడుచుకుంది. క్షమించమని అడగడం ఆ తరంలో అత్తగార్లకు తెలియని విద్య. లేచి వంటింట్లోకి వెళ్ళి, తొమ్మిదేళ్ళుగా విడిగా బోర్లించి ఉన్న కంచాన్ని తీసుకొచ్చి అందరి కంచాలమధ్య పెట్టింది. ఆ చప్పుడు ముత్యాలు విన్నది.

కనకదుర్గ మాత్రం చీటీ పట్టుకుని తల్లి దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే జానెడు దూరంలో ఆగింది.

"అయితే ముట్టుకోవచ్చా అమ్మా?"

 అబద్ధం చెప్పకూడదు, నిజం చెబితే పిల్ల వెనక్కి పోతుంది. ఇన్ని కాగితాలు గీసింది దీనికోసమేనని ఆమెకు అప్పుడు తట్టింది.

"ముట్టుకోకు. పట్టుకో," అంది. "గట్టిగా. నూతిచేద జారిపోకుండా పట్టుకుంటావు చూడు, అలాగ."

పిల్ల అనుమానంగా రెండు చేతులూ చాచి తల్లి ముంజేతిని పట్టుకుంది. మొదట వదులుగా, తరవాత నిజంగానే చేదతాడు పట్టినట్టు. ముత్యాలు ఎదురుచూసింది. చీమలు రాలేదు. పిల్లను దగ్గరికి లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంది. అమ్మా ఊపిరాడట్లేదంటూ కనకదుర్గ నవ్వింది గాని వదల్లేదు. ఆ తరవాత ఆ పిల్ల కావలింతలు వీధిలో అందరికీ ప్రసిద్ధి అయిపోయాయి. ఎవరిని పట్టుకున్నా ఎముకలు కలుక్కుమనేలా పట్టుకునేది. మేనమామ వస్తే ముందే చేతులు అడ్డం పెట్టుకునేవాడు.

జబ్బు పోలేదు. అది చెప్పాలి. చలికాలంలో ముదిరేది, ఒక్కో ఏడాది మెడ తిప్పలేకపోయేది, నిద్రలేని రాత్రులు ఎన్నో. కాని ఎప్పుడు ఏం చేస్తే గీత ఎటు జరుగుతుందో ఆమెకు తెలుసు. ఆ తెలివిడితోనే ఇంట్లో ఒక పెద్ద మార్పు తెచ్చింది. కండెలు చుట్టడంలో పోగు ఎప్పుడూ చేతిమీద తేలుతూనే ఉంటుంది. మగ్గంమీద అలా కాదు. అక్కడ పోగంతా బిగువుగా ఉంటుంది, చేతులకు పట్టుకోవడమూ లాగడమూ బాదడమే పని. అందుకని తను మగ్గమెక్కుతానంది. ఆ వీధిలో ఆడవాళ్ళు అవసరానికి నెయ్యడం లేకపోలేదు. మగవాడు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడమే ఎవరూ ఎరగరు. రాఘవులు కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు, ఏం రాఘవులూ, వంట కూడా నీదేనా అని ఆటపట్టించేవారు. ఆయ్, ఆదివారాలు నాదేనండి అని చక్రం తిప్పుకునేవాడు. ముత్యాలు మొదట నేసిన చీర అంచు వంకరపోయింది. ఏడాది తిరిగేసరికి బంగారమ్మే ఊరంతా చెప్పుకుంది, మా కోడలి నేత నీళ్ళు పోస్తే నిలుస్తుందని.

సంగతి మెల్లగా పాకింది. ఇలాంటి బాధే ఉన్నవాళ్ళు ఒకరొకరు రావడం మొదలుపెట్టారు. ముత్యాలు మందేమీ ఇచ్చేది కాదు. ప్రశ్నలు అడిగేది. ఇంట్లో ఎంతమందికి ఉంది? పోగు తాకితే వస్తుందా? నొక్కితే ఆగుతుందా? పేతురు అనే ఇటుకల పనివాడు వస్తే, ఇంట్లో అయిదుగురికీ ఒక్క నెలలోనే వచ్చిందని, వేళ్ళ సందుల్లో ఉందని విని, నీది నాది ఒకటి కాదు తమ్ముడూ, అది అంటుకునేదే, అందరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళండని పంపేసింది. వాళ్ళకు పదిహేను రోజుల్లో నయమైంది.

ఇంకోసారి శరభయ్యగారు వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళలో వ్రతాలూ పెళ్ళిళ్ళూ చేయించే పురోహితుడు. అరుగుమీద కూర్చుని, ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు కొబ్బరికాయల ధర మాట్లాడారు. చివరికి చెప్పారు. ఆయన కుడి పక్కటెముకల దగ్గర ఎగ్జిమా. ఊపిరి తీసినప్పుడల్లా జంధ్యం అక్కడ కదులుతుంది. పెళ్ళిలో మూడు గంటలు పీటలముందు కూర్చుని మంత్రం చెప్పడమంటే ఆయనకు మూడు గంటలు నిప్పులమీద కూర్చోవడమే. తీసేయడానికి లేదు. మంత్రం మధ్యలో గోక్కోవడానికి లేదు.

"ఎవరితో చెప్పుకోనమ్మా. జంధ్యం దురదపెడుతోందంటే ఏమనుకుంటారు?"

ముత్యాలు నవ్వలేదు. ఉత్తరీయం నడుముకి చుడుతున్నారా, పక్కలమీదకా అని అడిగింది. నడుముకే అన్నారు. ఓ బెత్తెడు పైకి, జంధ్యం కదలకుండా పక్కటెముకలకు అదిమేలా బిగించి చుట్టి చూడమంది. తనే గంజి లేకుండా మెత్తటి నూలుతో ఒక ఉత్తరీయం నేసి ఇచ్చింది. నెల తరవాత ఆయన మళ్ళీ వచ్చారు, అంబాజీపేటలో పెళ్ళి చేయించి అటునించి అటే. సప్తపది దాటేదాకా చెయ్యి పక్కకు పోలేదని చెప్పి, ఆశీర్వదించడానికి చెయ్యి ఎత్తి, ఆ చెయ్యి అలాగే ఉంచి, నొక్కితే ఎందుకు ఆగుతుందంటావని అడిగారు. తనకూ తెలియదంది ముత్యాలు. ఆ రోజు ఇద్దరూ చీకటి పడేదాకా అదే మాట్లాడుకున్నారు, కత్తిరించిన గోళ్ళు, చల్లనీళ్ళు, ఉలవచారు తాగిన రోజున ఎలా ఉంటుంది అన్నీ.

1986 ఆషాఢమాసంలో ఒకనాడు మగ్గం దిగి పెరట్లో ఆరేసిన నూలు తియ్యడానికి వెళ్ళింది. తుంపర మొదలైంది. తుంపరంటే ఆమెకు చిన్నప్పటినుంచీ హడలు, ఒక్కో చినుకూ మెడమీద పడి పాకుతుంది. చిలపలు వసారాలో పడేసి, తనూ లోపలికి రాబోయి, చూరుకింద ఆగింది. మరి పెద్దవాన సంగతేమిటి? ముప్పై రెండేళ్ళ వయసులో తను ఎప్పుడూ పెద్దవానలో నిలబడలేదు. ప్రతిసారీ తుంపరకే పారిపోయింది.

చూరుకిందే నిలబడి ఎదురుచూసింది. పడమటినుంచి మబ్బు దిగింది. కొబ్బరాకులమీద చప్పుడు మారింది, చినుకులు కలిసి ధార అయ్యాయి. ముత్యాలు కొంగు బిగించి పెరటి మధ్యకు నడిచింది. వాన మెడమీద, భుజాలమీద, మోచేతులమీద అరచెయ్యి పెట్టి అదిమినట్టు బరువుగా పడింది. రాఘవులు రాట్నం ఆపి గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమైనా ఉందా?" అని కేకవేసి అడిగాడు.

ఆమె వినబడలేదన్నట్టు చెయ్యి ఊపి, మెడ వంచి, ఇంకాసేపు నిలబడింది.